కదలకండి బావగారూ

మా ఆవిడ నన్ను మొదటిసారి ఎత్తబోయిన రోజు ఇద్దరం కలిసి మంచానికీ గోడకీ మధ్య సందులో ఇరుక్కుపోయాం. ఆమె కింద, నేను పైన. పక్షవాతంతో నా ఎడమపక్క పడిపోయి అప్పటికి కొన్ని వారాలే అయింది. ఆమె పుల్లలాంటి మనిషి. బస్టాండులో టికెట్ల కిటికీ వెనక రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. నేనేమో ఒంటికి ఏనాడూ లోటు చేసినవాణ్ణి కాదు. పక్కింటాయన వచ్చి నన్ను లాగేదాకా ఆమె నా చంక కిందినుంచి, ఊపిరాడక, "కొంచెం జరగండి" అని బతిమాలుతూనే ఉంది. జరగగలిగితే ఈ తిప్పలన్నీ ఎందుకు? మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అన్నట్టు, నాకు పడ్డందుకు బాధ లేదు. పక్కింటాయన పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకున్నాడే, అందుకు ఒళ్ళు మండింది.

నేను కటింగ్ మాస్టర్ని. బట్టల షాపు వెనకగదిలో పెద్ద బల్ల ముందు నిలబడి గుడ్డ కత్తిరిస్తాను. కుట్టేవాళ్ళు కూర్చుంటారు, కత్తిరించేవాడు కూర్చోకూడదు. బల్ల అవతలి అంచుదాకా వంగాలి, నడుం తిప్పాలి, బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదకి మార్చుకుంటూ ఉండాలి. కుడిచేయి నిక్షేపంలా ఉంది. ఎడమచేయి, గుడ్డ జారకుండా పైన పెట్టే దిమ్మలా అయినా పనికొస్తుంది. కావలసిందల్లా ఎడమకాలు. మా షాపు యజమాని మంచివాడే. బడులు తెరిచేలోగా, అంటే యూనిఫారాల ఆర్డర్లు వచ్చి పడేలోగా నువ్వు నిలబడగలిగితే బల్ల నీదే, లేకపోతే నన్నేమీ అనుకోకు, ఇంకొకణ్ణి పెట్టుకోక తప్పదు అన్నాడు. అందులో అనుకోవడానికేముంది? నేనైనా అదే చేస్తాను.

ఆ కాలి మీద ఆశ కూడా ఉంది. ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించే డాక్టరమ్మ నా ఎడమ అరికాలికి తన అరచేయి ఆనించి తొయ్యమంది. తోశాను. ఆమె చేయి కాస్త వెనక్కి జరిగింది. ఆమె ముఖం విప్పారింది. ఈ కాలు మాట వింటోంది, రోజూ దీన్ని పట్టుకుని లేచి నిలబడండి, దీని మీద బరువు వెయ్యండి, మానేస్తే మాత్రం మర్చిపోతుంది అని చెప్పి పంపింది.

మేం సందులో పడిన సంగతి తెలిసి మా బావమరిది వచ్చాడు. ఊరక రారు మహానుభావులు. నాలాంటివాళ్ళను చూసుకునే చోటు ఒకటుందట. వేళకు తిండి పెడతారట, వేళకు అటూ ఇటూ తిప్పి పడుకోబెడతారట, పరుపును ఎండలో తిరగేసినట్టు. అక్కకు నడుం విరిగితే ఎవరు దిక్కు అని అతని బాధ. బాధలో తప్పు లేదు. మా ఆవిడ తమ్ముడికి మంచినీళ్ళిచ్చి, విన్నంత విని, గుమ్మందాకా సాగనంపి వచ్చింది. మర్నాడు ఉద్యోగం నుంచి ఆలస్యంగా ఇల్లు చేరింది. అరచేతుల నిండా తుప్పు.

మా వీధి చివర ఒకప్పటి ఐసు ఫ్యాక్టరీ షెడ్డులో ఒక జిమ్ము ఉంది. గోడ మీద జిమ్ము అని రాసి ఉంది కాబట్టి జిమ్ము. లోపల ఉన్నది మధ్యలో వంగిన ఇనపకడ్డీ ఒకటి, దానికి తగిలించే చక్రాలు కొన్ని. అందులోనూ రెండు పాత కాటా రాళ్ళకు చిల్లు పొడిచి తగిలించినవి. వాలుబల్ల ఒకటి ఉంది గానీ దాని కవరు కుట్టినవాణ్ణి పట్టుకుని తన్నాలి, నాలుగు మూలలా స్పాంజి బయటికి చూస్తుంటుంది. ఇవి కాక ఇసుక బస్తాలు, నీళ్ళ క్యాన్లు, ఒక ఫ్యాను. నడిపేది బళ్ళో డ్రిల్లు నేర్పి రిటైరైన ఆయన. అందరూ ఇనపమాస్టారంటారు. ఇనుము తక్కువ కాబట్టి ఆ పేరైనా ఉండనీ అనుకున్నారేమో.

మా ఆవిడ ఆయనతో సూటిగా చెప్పిందట: నాకు నాజూకు అక్కర్లేదు, మా ఆయన్ని ఎత్తాలి. ఆయన నవ్వలేదట. ఎంత బరువుంటాడు, ఎక్కణ్ణుంచి ఎక్కడికి ఎత్తాలి అని మాత్రం అడిగాడట. తర్వాత ఆయన అన్న మాటను మా ఆవిడ ఇంట్లో కొన్ని రోజులపాటు మంత్రంలా వల్లించింది.

"చెల్లెమ్మా, ఇనుము లేదని దిగులుపడకు. ఎత్తడం ఎవడైనా ఎత్తుతాడు. దించడం నెమ్మదిగా దించు. బలమంతా అక్కడే ఉంది."

ఆయన పద్ధతంతా ఇంతే. బరువు పెంచడానికి బరువు లేదు కాబట్టి కష్టం పెంచేవాడు. ఉన్న చక్రాలతో ఆమె సులువుగా కూర్చుని లేవడం మొదలుపెట్టగానే, సగంలో ఆగమనేవాడు. ఆగడం అలవాటైతే ఒంటికాలి మీద చెయ్యమనేవాడు. అదీ వచ్చేశాక కడ్డీకి తుండుగుడ్డ చుట్టి లావు చేసేవాడు, పిడికిలి సరిగా మూతపడక చచ్చినట్టు ఇంకా గట్టిగా పట్టుకోవాలి. ఇసుక బస్తాను వీపున కాకుండా గుండెకు హత్తుకుని లేవమనేవాడు. అటూ ఇటూ తొణికే సగం నీళ్ళ క్యాను మోయించేవాడు. మా ఆవిడ ఇంటికొచ్చి అన్నం కంచం ఎత్తలేక చేతులు వణుకుతుంటే, నేను మంచం మీంచి, పహిల్వానుగారు దయచేశారా, ఎవరినైనా మట్టి కరిపించారా అని వెటకారం చేసేవాణ్ణి. మంచం మీద పడి ఉన్నవాడికి నోరొక్కటే ఆస్తి. ఆమె నా మాటలు పట్టించుకోకుండా కుర్చీలో నెమ్మదిగా కూర్చుని నెమ్మదిగా లేచేది, కూర్చుని లేచేది.

ఒకనాడు తన ఉద్యోగపు చొక్కా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. చేతులు బిగుతైపోయాయట, కుట్టు విప్పాలట. నేను కుడిచేత్తో సుద్ద పట్టుకుని, ఆమె జబ్బ చుట్టూ టేపు తిప్పించి, గీత గీశాను. నేను కత్తిరించిన చొక్కాయే అది, కొలత నాకు గుర్తుంది. లోపల ఎప్పుడూ కాస్త గుడ్డ మడిచి వదులుతాను. ఆ మడతంతా విప్పినా సరిపోలేదు. ఆ పూట నాకు వెటకారం రాలేదు. గర్వమేసింది. గర్వంతో పాటు ఇంకేదో కూడా ఉంది, దాన్ని అప్పుడు తరచి చూడలేదు.

మీ అంత బరువున్న బస్తాను ఎత్తేశాననీ, ఇవాళ మిమ్మల్ని ఎత్తుతాననీ ఒక సాయంత్రం ధీమాగా వచ్చింది. ఎత్తలేకపోయింది. బస్తాకు మోకాళ్ళుండవు కదా. నన్ను పట్టుకుంటే తల ఒక పక్క వాలుతుంది, కాలు ఇంకో పక్కకు జారుతుంది, నడుం మధ్యలో కుంగుతుంది. ఏడుపు దిగమింగుకుంటూ వెళ్ళి మాస్టారుకు చెప్పింది. ఆయన షెడ్డంతా కలయజూశాడట. మనిషిలాంటి వస్తువు ఒక్కటీ లేదు. అప్పుడాయనకు తట్టింది, మనిషినే తెచ్చుకుంటే పోలేదా అని. అలా నేను చక్రాల కుర్చీలో జిమ్ముకు వెళ్ళాను, సామానుగా.

నేల మీద చాప పరిచి నన్ను పడుకోబెట్టారు. మా ఆవిడ నా వెనక చేరి, చంకల కిందుగా చేతులు పోనిచ్చి లేపబోయింది. నేనూ ఊరుకోలేదు, ఆమెకు సాయం చేద్దామని కుడికాలు తన్నిపట్టాను. ఎడమకాలు కూడా తనంతట తాను కాస్త తోసింది. తోసేసరికి బరువు ఉన్నట్టుండి తేలికై ఆమె తూలి వెనక్కి పడింది. రెండోసారీ అదే జరిగింది. మాస్టారు నా పక్కన గొంతుక్కూర్చుని చాలా మర్యాదగా చెప్పాడు.

"కదలకండి బావగారూ. మీరు కదిలితే చెల్లెమ్మ మోసేది ఎంతో మాకు తెలియదు. బస్తాలా ఉండండి, మిగతాది మేం చూసుకుంటాం."

ఏ పని చెప్పినా సగం సగం చేయడం నాకు చేతకాదు. బస్తాలా ఉండటమూ ఒక విద్యేనని నాకప్పుడు తెలిసింది. మెడ వదిలెయ్యాలి. ఊపిరి బయటికి పంపేసి, పొట్ట జారవిడవాలి. వేళ్ళు దేన్నీ పట్టుకోకూడదు. అన్నిటికంటే కష్టం కాళ్ళతోనే. కుడికాలు చెబితే విన్నది. ఎడమకాలు మాత్రం ఎత్తగానే లేవబోయేది. దాన్ని లోపల్నుంచి అదిలించి కూర్చోబెట్టేవాణ్ణి. కొన్నాళ్ళకు అదీ దారికొచ్చింది. మాస్టారు మెచ్చుకున్నాడు. ఇంత చక్కటి బరువును తన సర్వీసులో చూడలేదన్నాడు.

మా ఆవిడ నన్ను నేల మీంచి కుర్చీలోకి తానొక్కతే ఎత్తి కూర్చోబెట్టిన రోజు షెడ్డంతా చప్పట్లు కొట్టింది. ఆమె నా భుజం మీద తల వాల్చి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, చెమటలో కలిసిపోయింది కాబట్టి పరువు దక్కింది. ఆ తర్వాత నా పేరు పాకింది. ఆసుపత్రి స్ట్రెచర్లు మోసేవాళ్ళు, సరుకు దించే కూలీలు, అగ్నిమాపక దళంలో చేరాలని తంటాలు పడే కుర్రాళ్ళు, అందరూ సాయంత్రమైతే నా కోసం వరుసకట్టేవారు. కొందరు నన్ను భుజాన వేసుకుని షెడ్డు చుట్టూ తిరిగేవారు, కొందరు వీపున మోసేవారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారు చూడండి, నా వైభోగం అచ్చం అదే. చంకలు పట్టి లాగితే భుజం ఊడుతుందిరా అని నేనే వాళ్ళకు పాఠాలు చెప్పేవాణ్ణి. రెండు పిడులతో మందపాటి గుడ్డ బెల్టు ఒకటి నేనే గీసి కత్తిరించి కుట్టించాను, నడుముకు కట్టుకుంటే నన్ను పట్టుకోవడం సులువని. అద్దాల మేడల్లోని జిమ్ముల్లో కూడా లేని సామాను మన దగ్గరుంది అని మాస్టారు కొత్తగా వచ్చినవాళ్ళకు నన్ను చూపించేవాడు. ఫ్యాను కింద చోటు నాదే. ఒళ్ళు పడిపోయాక నేను ఎవరికైనా పనికొచ్చింది అక్కడే.

ఇంట్లో కూడా సుఖంగానే ఉంది. అంతకుముందు పొద్దున్నే కిటికీ ఊచలు పట్టుకుని, ఎడమకాలిని తిట్టుకుంటూ లేచి నిలబడేవాణ్ణి. అది ఒక పట్టాన తెమిలే పని కాదు. మా ఆవిడకు ఉద్యోగానికి ఆలస్యమయ్యేది, గడియారం వైపు చూసి చూడనట్టు చూసేది. ఇప్పుడా బాధ లేదు. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానాలగదికి, చిటికెలో ఎత్తి కూర్చోబెట్టేసి బస్సు పట్టుకునేది. నిలబడటం మానేద్దామని ఎవరమూ అనుకోలేదు. అది దానంతట అదే మానుకుంది. నేను రోజూ జిమ్ముకు వెళ్తున్నానని విని షాపు యజమాని చూడటానికొచ్చాడు. బల్ల దులిపించి ఉంచుతానన్నాడు. పక్కింటాయన కూడా ఈ వయసులో ఎంత పట్టుదల అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. రోజూ అలసిపోయి ఇంటికొస్తున్నాను, ఒళ్ళు నొప్పులుంటున్నాయి, ఇంతకంటే కసరత్తు ఏముంటుంది?

బడులు తెరవబోయే ముందు మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాం. పరీక్ష చేసే ఎత్తుబల్ల మీదకు నన్ను మా ఆవిడే ఎత్తి కూర్చోబెట్టింది. డాక్టరమ్మ నోరు తెరిచి చూసింది. ఎలా నేర్చుకున్నారమ్మా అంటే మా ఆవిడ సిగ్గుపడుతూ జిమ్మంతా వర్ణించింది. మధ్యమధ్య నేనూ అందుకుని స్ట్రెచర్లవాళ్ళ సంగతీ బెల్టు సంగతీ చెప్పాను. డాక్టరమ్మ నవ్వుతూనే నా అరికాలికి తన అరచేయి ఆనించింది. తొయ్యమంది. తోశాను. మళ్ళీ తొయ్యమంది. పళ్ళు బిగించి, బయట కుర్చీల్లో ఉన్నవాళ్ళు తిరిగి చూసేంతగా మూలిగి తోశాను. ఆమె చేయి అక్కడే ఉంది.

"మిమ్మల్ని ఎత్తేటప్పుడు మీరేం చేస్తారు?" అని అడిగింది.

"ఏమీ చేయనండి. అసలు కదలను," అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చేటప్పుడు కూడా గర్వంగానే వచ్చింది. వచ్చాక ఆమె ముఖం చూశాను.

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. రోజూ నిలబడుతున్నారా అని అడిగితే మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అంత మెత్తటి గొంతుతో ఆమె చెప్పిందేమిటంటే, కాలు పూర్తిగా పోలేదు, కానీ మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి, ఎన్నాళ్ళు పడుతుందో ఎంత వస్తుందో చెప్పలేను, బడులు తెరిచేలోగా మాత్రం జరగదు. చివర్లో మా ఆవిడ వైపు తిరిగింది. ఇంక ఎత్తకండి. పక్కన నిలబడండి, పడితే తలకు దెబ్బ తగలకుండా చూసుకోండి, అంతవరకే. మా ఆవిడ తల ఊపింది. బల్ల మీంచి దించడానికి అలవాటుగా నా నడుం మీద చేయి వేసి, ఏదో కాలినట్టు తీసేసుకుంది. ఆసుపత్రి మనుషులే నన్ను కుర్చీలోకి దించారు.

ఇంటిదారి పట్టాం. షెడ్డు గుమ్మంలో మాస్టారు నిలబడి, ఏమన్నారు బావగారూ అని కేకేశాడు. ఆమె ఆగకుండా కుర్చీ తోసుకుంటూ వచ్చేసింది. నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఆయన మీద కోపం ఎంతసేపు నిలుస్తుంది? ఆయన అడిగింది బరువు, ఇచ్చింది నేను.

ఇంట్లో కుర్చీని మంచం పక్కన ఆపి, చక్రాలకు బ్రేకు వేసింది. మంచం అంచు చూపించి లేవండి అంది. అని ఒక అడుగు వెనక్కి వేసింది. నేను మంచం కోడు పట్టుకుని ముందుకు వంగాను. కుడికాలు లేచింది. ఎడమది కింద గుడ్డముక్కలా మడతపడింది. కుర్చీ అంచు మీంచి జారి నేల మీద కూలబడ్డాను. తల తగలకుండా ఆమె చేయి అడ్డం పెట్టింది, డాక్టరమ్మ చెప్పినట్టే. వెంటనే చేయి తీసేసింది.

మరోసారి ప్రయత్నించాను. మళ్ళీ ప్రయత్నించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఒళ్ళంతా చెమట, కళ్ళలో నీళ్ళు, ఇంక నావల్ల కాక నోరు పారేసుకున్నాను. ఇంతింత కండలు పెంచింది ఎవరికి చూపించడానికన్నాను. మొగుడు నేల మీద పడి దొర్లుతుంటే చోద్యం చూసే ఆడదాన్ని నిన్నే చూశానన్నాను. మీ తమ్ముడు చెప్పిన చోటికే పంపెయ్యి, అక్కడైనా ఎత్తుతారు అన్నాను. ఆమె గోడకు ఆనుకుని, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడింది. 

"ఎత్తు," అన్నాను. "నీకు పుణ్యముంటుంది, ఎత్తు."

"ఎత్తగలనండీ," అంది. "ఇప్పుడంటే ఇప్పుడు ఎత్తగలను. అదే భయమేస్తోంది."

గోడ వెంబడే జారి నా ఎదురుగా నేల మీద కూర్చుంది.  మీ కాలు బాగవ్వాలనే మొదలుపెట్టాను, మధ్యలో ఎక్కడో అది మర్చిపోయాను అంది. కిటికీ వెనక కూర్చుని చిల్లర ఇచ్చే మనిషిని, నా బతుకులో నేను ఎవరినీ దేన్నీ ఎత్తలేదు అంది. ఆ తర్వాత తల వంచుకుని, నేలతో చెబుతున్నట్టు అంది.

"మిమ్మల్ని ఎత్తడం నాకు బాగుండేదండీ. మీరు బరువుగా ఉండటమే బాగుండేది."

దానికి ఒక పదునైన మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆమె ఒక్కతే నిజం చెప్పి కూర్చుంటే నాకు సిగ్గేసింది.

"ఎత్తించుకోవడం నాకూ బాగానే ఉండేది," అన్నాను. అబద్ధం కాదు. ఆ చేతుల్లో ఉన్నంతసేపూ నేను నిలబడాల్సిన మనిషినన్న సంగతే గుర్తుండేది కాదు.

అప్పుడు షాపు యజమాని ఫోను చేశాడు. ఆసుపత్రిలో ఏమన్నారో కనుక్కుందామని. మా ఆవిడ ఫోను తీసి, నాకందించింది. నేను నేల మీద పడుకునే మాట్లాడాను. యూనిఫారాలకు ఎవరినైనా చూసుకోండి, నేను రాలేను అన్నాను.  కావాలంటే ఇంకొన్నాళ్ళు చూస్తాను అన్నాడు, మొహమాటానికి. వద్దులెండి, బల్ల ఖాళీగా ఉంచకూడదు, కొత్తవాడికి నా పెద్ద కత్తెర ఇవ్వండి, అది ఎడమవైపు కాస్త లాగుతుందని చెప్పండి అన్నాను. ఫోను పెట్టేశాక ఆమె నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను.

ఎడమ మోకాలిని చేత్తో మడిచి, పాదం నేలకు ఆనించుకుని, తొయ్యి అని దానికి చెప్పాను. ఉలకలేదు పలకలేదు. ముందు కోపంగా చెప్పాను, తర్వాత బుజ్జగించాను, సిగ్గు విడిచి బతిమాలాను. ఆమె మోకాళ్ళ మీద పాకి వచ్చి నా పాదం పక్కనే ముఖం పెట్టి చూస్తూ కూర్చుంది, చేయి మాత్రం వేయలేదు. చీకటి పడ్డాక లేచి దీపం వేసింది. అన్నం తెచ్చి నేల మీదే పెట్టింది. తిన్నాం.

మంచం నా తల పక్కనే ఉంది. ఆ రాత్రి నేను దాన్ని ఎక్కలేకపోయాను. ఆమె కూడా ఎక్కలేదు. నాకు ఒక దుప్పటి కప్పి, నా పక్కన గచ్చు మీద పడుకుంది, రెండు చేతులూ తన తల కింద గట్టిగా అదిమిపెట్టుకుని.